మావాళ్ళకి సింగపూర్ చూపించిన నాలుగు రోజులు

సెలవుకి ఒడిశాలో మా ఊరు బరంపురం వచ్చా, నిన్న సాయంత్రం గోపాల్‌పూర్ బీచ్‌లో కూర్చుంటే మావాళ్ళు, అదే నా ఫ్రెండ్స్ ముగ్గురూ మళ్ళీ అదే టాపిక్, సింగపూర్ కబుర్లే. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులు వాళ్ళకంటే నాకే ఎక్కువ గుర్తున్నాయి.

సింగపూర్లో ఆరేళ్ళుగా ఉంటున్నా గానీ మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్ళు ఉన్న బొమ్మ) దగ్గర ఒక పది నిమిషాలు నిలబడింది లేదు, ఎమ్మార్టీ (అక్కడి మెట్రో రైలు) ఎక్కడం, దిగడం, ఆఫీసు, ఇల్లు, అంతే. గార్డెన్స్ బై ద బేలో రాత్రి 7:45కి చెట్ల ఆకారంలో కట్టిన సూపర్‌ట్రీలకి లైట్లు వెలిగి మ్యూజిక్ మొదలైంది, టికెట్ కూడా లేదు దానికి, 50 మీటర్ల దాకా ఎత్తు కదా, మెడలు నొప్పెట్టి అందరం కిందే వెల్లకిలా పడుకుని చూస్తుంటే ఒకడు "ఒరే, మన ఠాకురాణి జాత్ర లైటింగు గుర్తొస్తుందిరా" అన్నాడు. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి వచ్చే అమ్మవారి జాత్ర అది, నేను మూడు మిస్సయ్యాను. గొంతు పట్టేసింది.

మర్నాడు సెరంగూన్ రోడ్‌లో శ్రీనివాస పెరుమాళ్ గుడికి తీసుకెళ్ళా, 1855 నాటి గుడి అంటే నమ్మలేదు.

వెళ్ళే రోజు బ్యాగులోంచి అప్పడాల పొట్లం తీశారు, వాళ్ళలో ఒకడి అమ్మగారు ఒడియా పేపర్లో చుట్టి పురికొసతో గట్టిగా కట్టి పంపారు. అప్పడాలు వారంలో అయిపోయాయి. ఆ పేపరు మాత్రం నూనె మరకలతో సహా నా డెస్క్ సొరుగులోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు.

అమ్మ పాస్‌పోర్టు వచ్చేసింది. ఈసారి తనని తీసుకెళ్తున్నా.