మిడిల్‌వెయిట్‌లో మేటి ఎవరు?

నిన్న రాత్రి నల్లగొండలో బావ వాళ్ల డాబా మీద కూర్చొని, 1985 ఏప్రిల్‌లో మార్విన్ హాగ్లర్, థామస్ హర్న్స్ తలపడిన మిడిల్‌వెయిట్ (160 పౌండ్ల వరకు బరువున్నవారి తరగతి) బాక్సింగ్ పోరును ఫోనులో మరోసారి చూశాము. మూడో రౌండులో హాగ్లర్ నుదుటి నుంచి నెత్తురు కారుతుంటే రిఫరీ ఆట ఆపి వైద్యుడికి చూపించాడు. కొనసాగించవచ్చని తేలిన కొద్దిసేపటికే హర్న్స్ నేలకూలాడు.

"లెక్క చూడు బామ్మర్దీ, బెర్నార్డ్ హాప్కిన్స్ వరుసగా 20 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, నీ హాగ్లర్ 12 సార్లే" అన్నాడు బావ.

లెక్క నిజమే గానీ, హాప్కిన్స్ చేతిలో 1995 నుంచి చాలాకాలం టైటిల్ ఇచ్చే పలు సంస్థల్లో ఒక్కదాని బెల్టే ఉండేది. ఫెలిక్స్ ట్రినిడాడ్‌ను ఓడించి మూడు ప్రధాన సంస్థల బెల్టులను ఒకచోట చేర్చింది 2001లో. 1983లో హాగ్లర్ రాబర్టో డురాన్‌తో 15 రౌండ్లు పోరాడి గెలిచాడు, హాప్కిన్స్ కాలానికి అవి 12 అయ్యాయి. పైగా ఒకప్పుడు పోరు రోజునే తూకం వేసేవారు. ఇప్పుడు ముందురోజే వేస్తున్నందున, 160 పౌండ్లు తూగినవాడు రాత్రికి రాత్రే తిని, నీళ్లు తాగి, బరువు పెరిగి బరిలోకి దిగుతాడు. ఇది చూడకుండా కాలాలను పోల్చడం నాకు సమ్మతం కాదు.

షుగర్ రే రాబిన్సన్ ఈ కిరీటాన్ని ఐదుసార్లు గెలిచాడంటే, నాలుగుసార్లు పోగొట్టుకొనో వదులుకొనో మళ్లీ అందుకున్నాడన్నమాట. నన్నడిగితే 14 సార్లు నిలబెట్టుకొని, 1977లో చాంపియన్‌గానే తప్పుకున్న కార్లోస్ మాంజోన్‌కు దక్కవలసిన పేరు దక్కలేదు. బావ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.