చుక్క దొరికింది, తాళం చెవి దగ్గరే పరువు పోయింది

జపాన్‌లో కోయిచి ఇటగాకి అనే ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు 2023 మే 19న ఎం101 అనే సర్పిలాకార గెలాక్సీలో సూపర్‌నోవాను, అంటే పేలిపోతున్న నక్షత్రాన్ని, పట్టుకున్నారని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. దాని పేరు ఎస్‌ఎన్ 2023 ఐఎక్స్‌ఎఫ్. నా దగ్గర ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే రకం) టెలిస్కోప్ ఉంది, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కు టెర్రస్ ఉంది. కావాల్సింది తాళం చెవి ఒక్కటే.

"ఎవరి కిటికీలోకి చూడ్డానికండీ?" అన్నారు సెక్రటరీ గారు, లిఫ్ట్ ముందు, ఆరుగురు వింటుండగా. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎదురు బ్లాక్ వాళ్లకు డౌట్‌గా ఉందట, ఫోన్‌లో ఫోటోలు చూపించమన్నారు. యాభై రెండేళ్ల మనిషిని, చూపించాను. వేలితో తోస్తూ పోయారు. నల్లటి ఫోటో, తెల్ల చుక్కలు. మళ్లీ నల్లటి ఫోటో. "ఇవేంటి, అన్నీ పాడైపోయాయి?"

దాదాపు 2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక ఎర్రని మహాతార, లోపల ఇంధనం అయిపోయి కుప్పకూలి పేలిందని చెప్పాను. "అంటే 2 కోట్ల ఏళ్ల కిందటి సంగతేగా. ఇవాళే చూడాలని తొందరేంటి?" నిజంగా నోట మాట రాలేదు. జూన్‌లో మబ్బులు పడితే మళ్లీ ఆకాశం తెరుచుకునేసరికి అది చల్లారిపోతుందని గొణిగాను. చివరికి గంటసేపు ఇచ్చారు, వాచ్‌మన్ కాపలాతో. మీరైతే ముందు వాచ్‌మన్‌నే అడగండి, సెక్రటరీ దాకా పోకండి.

పైన పని తేలికే. పెళ్లిలో అరుంధతిని చూపిస్తారే, ఆ పక్కనున్న వశిష్ఠుడి దగ్గర మొదలుపెట్టి, ఫైండర్‌లో (టెలిస్కోప్‌కు గురి చూసుకునే చిన్న దుర్భిణిలో) నాలుగు చిన్న చుక్కల వరస పట్టుకుని వెళ్లాను. మోటార్లూ, యాప్‌లూ లేకుండా, చేత్తోనే! సిటీ వెలుతురులో గెలాక్సీ ఆనవాలే లేదు. టెలిస్కోప్‌లో అంతా తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి నక్షత్రాల చార్ట్‌నూ అలాగే తిప్పి పోల్చుకుంటే, పాత ఫోటోలో లేని చుక్క ఒకటి ఎక్కువుంది. నక్షత్రాల వెలుగు కొలతలో 11వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది. గెలాక్సీ మొత్తం కనపడకుండా అందులోని ఒక్క నక్షత్రం కనపడటమేంటో!

వాచ్‌మన్ కూడా కన్ను పెట్టి చాలాసేపు చూశాడు. "ఇంతేనా సార్?" అన్నాడు. కాసేపటికి మళ్లీ తనే వచ్చి చూశాడు.

కిందికి దిగాక రిజిస్టర్‌లో "పని" అనే చోట ఏం రాయాలో నాకు తోచలేదు. తనే పెన్ను తీసుకుని రాశాడు: వాటర్ ట్యాంక్ చెకింగ్.