నెట్ లైఫ్ సైన్సెస్ పార్ట్-సి: హెచ్‌ఐవీ రిసెప్టర్ల ప్రశ్నలు ఎలా చదవాలి

విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలోనో, ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లోనో కూర్చుని సీఎస్‌ఐఆర్ నెట్‌కి చదివేవాళ్లలో చాలామంది సీడీ4, సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 అని హెచ్‌ఐవీ పట్టుకునే కణం పొర ప్రోటీన్ల (రిసెప్టర్ల) పేర్లు బట్టీపట్టి ముందుకెళ్లిపోతారు. పార్ట్-బీకి అది సరిపోవచ్చు. పార్ట్-సీలో ఒప్పయితే 4 మార్కులు, తప్పయితే 1 కోత. అక్కడ అడిగేది ప్రయోగం.

తెల్లకాగితం మీద కణం పొర గీసి, వరుస రాయండి. వైరస్ పైనున్న జీపీ120 ప్రోటీన్ సీడీ4 మొదటి డొమైన్‌ని పట్టుకుంటుంది. ఆ పట్టుతో దాని ఆకారం మారి కోరిసెప్టర్ (సీడీ4తో పాటు కావాల్సిన రెండో రిసెప్టర్: సీసీఆర్5 లేదా సీఎక్స్‌సీఆర్4) అంటుకునే చోటు తెరుచుకుంటుంది. తర్వాత దాని జంట వైరస్ ప్రోటీన్ జీపీ41 ఫ్యూజన్ పెప్టైడ్‌ని కణం పొరలో గుచ్చి, ఆరు హెలిక్సుల కట్టగా మడతపడి వైరస్ పొరనీ కణం పొరనీ దగ్గరికి లాగుతుంది. ఒక్కో అడుగు పక్కన దాన్ని ఆపే మందు రాయండి: సీడీ4 రెండో డొమైన్ దగ్గర ఇబాలిజుమాబ్, సీసీఆర్5 దగ్గర మారవిరాక్, జీపీ41 దగ్గర ఎన్‌ఫువిర్టైడ్. మారవిరాక్ జీపీ120కి అడ్డంగా పైన కూర్చోదు. పొర లోపలి గుంటలో చేరి రిసెప్టర్ ఆకారాన్నే మార్చేస్తుంది. "కాంపిటీటివ్" (అదే చోటు కోసం పోటీపడేది) అని ఆప్షన్ కనిపిస్తే ఆగి చూడండి.

ఇప్పుడు ఎలుక కణంలో మనిషి సీడీ4 పెట్టారనుకోండి. వైరస్ అంటుకుంటుంది కానీ లోపలికి పోదు, ఎందుకంటే మనిషి కోరిసెప్టర్ లేదు. దానికి సీఎక్స్‌సీఆర్4 కలిపితే దాన్ని వాడే ఎక్స్4 వైరస్ దూరుతుంది, సీసీఆర్5ని వాడే ఆర్5 వైరస్ దూరదు. 1996లో కోరిసెప్టర్లు బయటపడింది ఈ తర్కంతోనే. మీడియంలో సీసీఆర్5కి సహజంగా అంటుకునే రాంటెస్ వేస్తే ఆర్5 ఆగుతుంది, సీఎక్స్‌సీఆర్4కి అంటుకునే ఎస్‌డీఎఫ్-1 వేస్తే ఎక్స్4 ఆగుతుంది. ఇలా అంటుకునే అణువు (లైగాండ్) చోటుని కప్పేయడమే కాదు, రిసెప్టర్‌ని కణం లోపలికీ లాక్కెళుతుంది.

ఎక్కువ మంది పోగొట్టుకునేది సిగ్నలింగ్ దగ్గర. సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 రెండూ జీఐ ప్రోటీన్‌తో పనిచేసే రిసెప్టర్లు కాబట్టి ఆ సిగ్నల్‌ని ఆపే పెర్టుసిస్ టాక్సిన్ వేస్తే వైరస్ ప్రవేశం ఆగుతుందని టిక్ పెట్టేస్తారు. ఆగదు. లోపలికి రావడానికి సిగ్నల్ అక్కర్లేదు. విశ్రాంతిలో ఉన్న సీడీ4 టీ కణంలో మాత్రం సీఎక్స్‌సీఆర్4 సిగ్నల్ కోఫిలిన్‌ని చురుకుచేసి, యాక్టిన్ (కణం లోపలి పోగుల) అడ్డు సడలించి, ప్రవేశం తర్వాతి అడుగులకు సాయపడుతుంది.

సీసీఆర్5 జన్యువులో డెల్టా32 మార్పు అంటే 32 బేసులు పోయి ఫ్రేమ్ మారడం, ప్రోటీన్ పైకి చేరకపోవడం. రెండు కాపీలూ అలా ఉన్నా ఎక్స్4కి దారి తెరిచే ఉంటుంది.

సీడీ4ని తగ్గించే వైరస్ ప్రోటీన్లు నెఫ్, వీపీయూలని కలగాపులగం చేయకండి. నెఫ్ పైపొర మీది సీడీ4ని ఏపీ-2 అనే కణం ప్రోటీన్‌తో లాగి లైసోజోమ్‌కి పంపుతుంది, వీపీయూ కొత్తగా తయారైన సీడీ4ని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే పట్టి ప్రోటియాజోమ్‌కి అప్పగిస్తుంది. హెచ్‌ఐవీ-2లో వీపీయూ ఉండదు, దానికి ఉండేది వీపీఎక్స్.