సెంట్రల్ లాక్ వైరింగ్: మీటర్ సున్నా చూపినా ఆ డోర్ ఎందుకు లాక్ అవ్వదు?

కారులో మూడు డోర్లు ఠక్కున లాక్ అయి నాలుగోది మొండికేస్తే ఫ్యూజునీ రిమోట్‌నీ అనుమానించక్కర్లేదు. తేడా ఆ డోర్‌లోనో, దానికి వెళ్లే వైర్లలోనో ఉంటుంది. మల్టీమీటర్‌తో తేల్చొచ్చు, కాకపోతే ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే) రీడింగ్‌ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలియాలి.

బయట షాపులో బిగించే సెంట్రల్ లాక్ కిట్లలో డ్రైవర్ డోర్ మోటార్‌కి 5 వైర్లు, మిగతా వాటికి 2 వైర్లు ఉంటాయి. మామూలుగా నీలం, ఆకుపచ్చ మోటార్‌వి. తెలుపు, బ్రౌన్, నలుపు స్విచ్‌వి. కంపెనీ ఫిట్టింగ్‌లో రంగులు మారతాయి కాబట్టి ఆ బండి వైరింగ్ డయాగ్రామ్ చూసుకోవాలి.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కరెంటు ఉన్న సర్క్యూట్‌లో ఓమ్స్ కొలిస్తే రీడింగ్ అబద్ధం చెబుతుంది, మీటర్ కూడా పాడవొచ్చు. పసుపు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), పసుపు స్లీవ్ ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి ప్రోబ్ అసలు వెళ్లకూడదు.

మీటర్‌ని 200 ఓమ్ రేంజ్‌లో పెట్టి రెండు ప్రోబ్‌లూ కలపండి. 0.2 నుంచి 0.5 దాకా ఏదో ఒకటి చూపిస్తుంది. అది ప్రోబ్ వైర్లదే, ప్రతి రీడింగ్‌లోంచీ తీసేయాలి.

మొదట మోటార్. కప్లర్ ఊడదీసి రెండు మోటార్ వైర్ల మధ్య కొలవండి. చాలావాటికి 2 నుంచి 6 ఓమ్‌ల మధ్య వస్తుంది, పక్క డోర్ మోటార్‌తో పోల్చుకోవడం ఇంకా మేలు. మోటార్ రాడ్‌ని చేత్తో కదుపుతున్నంతసేపూ అంకెలు గంతులేస్తాయి, ఎందుకంటే అప్పుడు మోటారే జనరేటర్ అవుతుంది. కదపడం ఆపాకే చదవండి. నాలుగైదు చోట్ల ఆపి చూస్తే ఏదో ఒక చోట ఓఎల్ (దారి తెగి ఉందని మీటర్ చూపే గుర్తు) వచ్చిందంటే మోటార్ లోపల కరెంటు అందించే బ్రష్‌లో గానీ కమ్యుటేటర్‌లో గానీ లోపం ఉన్నట్టే. కొన్ని మోటార్ల లోపల వేడెక్కితే కరెంటును తగ్గించే పీటీసీ అనే భాగం ఉంటుంది. అందుకే పదేపదే లాక్ నొక్కిన వెంటనే కొలవకుండా కాసేపు చల్లారనివ్వాలి.

ఇక వైర్లు. అందరూ పొరబడేది ఇక్కడే. వైరును రెండు చివర్లా విడదీయకుండా కొలిస్తే మిగతా డోర్ల మోటార్లు పారలల్‌లో కలిసిపోతాయి. 4 ఓమ్‌ల మోటార్లు నాలుగుంటే 1 ఓమ్ చూపిస్తుంది. పైగా ఈ కిట్ల కంట్రోల్ యూనిట్‌లోని రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) ఊరికే ఉన్నప్పుడు రెండు మోటార్ వైర్లనీ ఎర్త్‌కి, అంటే కారు బాడీకి, కలిపే ఉంచుతాయి. బాడీకి సున్నా వచ్చిందని షార్ట్ అనుకుని మంచి వైరును కోసేస్తుంటారు. యూనిట్ కప్లర్ కూడా ఊడదీశాక బాడీకి ఓఎల్ రావాలి.

వైరు సాధారణంగా తెగేది పిల్లర్‌కీ డోర్‌కీ మధ్య రబ్బరు బూటులో. పైన ఇన్సులేషన్ బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. మీటర్ తగిలించి ఉంచి డోర్‌ని మెల్లగా తెరిచి మూయండి, రీడింగ్ ఊగిందా దొరికినట్టే. ఊగకపోయినా వైరు బాగుందని అప్పుడే అనకండి. మీటర్ పంపే కరెంటు మహా అయితే 1 మిల్లీఆంపియర్ దరిదాపుల్లో ఉంటుంది. తెగిన కొసలు ఒకదానికొకటి తాకుతున్నా అంత కరెంటు దర్జాగా పోతుంది. మోటార్ 3, 4 ఆంపియర్లు అడగ్గానే ఆ తాకుడు చాలదు. పిన్నుకు చిలుము పట్టినా ఇదే కథ. దారిలో అర ఓమ్ ఉందంటే 4 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి.

కాబట్టి లోడ్ పెట్టి చూడాలి. బ్యాటరీ మళ్లీ కలిపి, రెండు చివర్లా విడదీసిన వైరుకు పిల్లర్ వైపు నుంచి 5 ఆంపియర్ ఫ్యూజు ద్వారా 12 వోల్టులు ఇవ్వండి. డోర్ వైపు చివరను 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు ద్వారా బాడీకి కలపండి. సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. మీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఆ వైరు రెండు కొసల మధ్య కొలవండి. 0.75 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు 3 మీటర్లుంటే 0.08 ఓమ్‌లకు మించదు, అంటే 0.15 వోల్టుల దగ్గర రావాలి. అర వోల్టు దాటితే ఆ వైరు పోయినట్టే. మోటార్‌నే లోడ్‌గా వాడితే దానికొచ్చే కరెంటు పల్స్ సెకను కూడా ఉండదు, చవక మీటర్ అంకె చూపేలోపే అయిపోతుంది.

రిపేర్‌లో బూటు లోపల మాత్రం అతుకు వేయొద్దు. టంకం పోగుల్లోకి పాకి వైరు బిరుసెక్కుతుంది, మడత పడే చోట నెలల్లోనే మళ్లీ విరుగుతుంది. సన్న పోగుల వైరు ముక్కను బూటు గుండా పూర్తిగా లాగి, ఒక అతుకు డోర్ ప్యాడ్ వెనక, రెండోది పిల్లర్ లోపల పడేలా వేసి హీట్ ష్రింక్ తొడగండి.