టేబుల్స్‌తో తగాదా పెట్టుకున్నవాడు

ఇంటర్ మొదటి సంవత్సరంలో మమ్మల్ని హడలగొట్టింది కెమిస్ట్రీ కాదు, క్లార్క్స్ టేబుల్స్ అనే లాగరిథమ్ పట్టికల పుస్తకం. ఫిజిక్స్ ల్యాబ్‌లో క్యాలిక్యులేటర్ ముట్టుకోనిచ్చేవారు కాదు. లోలకం ఊపి, స్టాప్‌వాచ్ నొక్కి, జి (గురుత్వ త్వరణం) విలువ కట్టాలంటే ఆ లాగ్‌లే గతి. అడ్డవరుస చూడు, నిలువు వరుస చూడు, మీన్ డిఫరెన్స్ కలుపు, హెచ్చవేతకి లాగ్‌లు కూడు, చివర్లో యాంటీలాగ్ చూసి అసలు సంఖ్యకి తిరిగి రా. ఎందుకో తెలియకపోయినా చాలామందిమి చేసేసేవాళ్లం. నా పక్కన కూర్చునేవాడు మాత్రం "గుణించాల్సిన చోట కూడతారేంట్రా?" అని అక్కడే ఆగిపోయాడు. అందరూ మొద్దు అనుకున్నారు. అసలు ఆ అనుమానం మాకెవరికీ రాకపోవడమే వింత.

లెక్కల సారు ఓ సాయంత్రం వాణ్ని స్టాఫ్ రూముకి రమ్మన్నారు. తోడుగా నేనూ వెళ్లాను. టేబుల్స్ మూయించి, 2, 4, 8 అంటూ 1024 దాకా రాయించారు. ఒక్కోదాని నెత్తిన అది రెండుకి ఎన్నో ఘాతమో వేయించారు.

"8ని 32తో హెచ్చవేయరా, హెచ్చవేయకుండా."

వాడు కాసేపు చూశాడు. 3, 5 కలిపితే 8. ఆ 8 కింద 256 ఉంది. ఆ తర్వాత అడక్కుండానే ఇంకొన్ని చేసేశాడు.

"1024 ఇంచుమించు వెయ్యే కదా. అంటే పది రెళ్లు హెచ్చవేసినా, మూడు పదులు హెచ్చవేసినా దాదాపు ఒకటే. మరి ఒక్క రెండుకి పది మీద ఘాతం ఎంత?"

"పాయింట్ మూడు, సార్."

అప్పుడు టేబుల్స్ తెరిపించారు. రెండుకి లాగ్, అంటే పది మీద ఆ ఘాతమే, 0.3010! 1614లో నేపియర్ లాగ్‌ల పుస్తకం వేశాడనీ, పది ఆధారంగా పట్టికలు కట్టింది బ్రిగ్స్ అనీ సారు చెబుతున్నారు గానీ, వీడు వింటేగా! వేలు 4 దగ్గరికి పోయింది.

"సార్, రెట్టింపు చేస్తే 0.6020 రావాలి. ఇందులో 0.6021 ఉంది. ప్రింటింగ్ మిస్టేక్."

సారు పకపకా నవ్వారు. రెండు లాగ్ ఇంకాస్త పొడుగ్గా రాస్తే 0.30103 అనీ, దాని రెట్టింపు 0.60206 అనీ, నాలుగు స్థానాలకు సవరిస్తే చివర 1 అవుతుందనీ చూపించారు.

ఒకటి కన్నా చిన్న సంఖ్యల లాగ్‌లలో అంకె నెత్తిన కనిపించే గీతల, అదే బార్‌ల, గొడవ మర్నాడు తేలింది. 0.02 అంటే 2ని వందతో భాగించడమే, కాబట్టి 0.3010లోంచి 2 పోవాలి. దశాంశ భాగాన్ని ధనాత్మకంగానే ఉంచడానికి ఆ 2 నెత్తిన గీత. అంతే.

తర్వాత ల్యాబ్‌లో మా బ్యాచ్ రీడింగులన్నీ వాడి చేతికే వెళ్లేవి. ఇబ్బందల్లా ఒకటే. జి 977 వస్తే, రికార్డులో పుస్తకంలో ఉన్న 980 వేసేద్దాంరా అని ఎంత బతిమాలినా చస్తే ఒప్పుకునేవాడు కాదు.