కాందిశీకులు చేతులారా కట్టుకున్న ఫరీదాబాద్

ఢిల్లీ నుంచి ఆగ్రా వెళ్లే దారిలో ఫరీదాబాద్ మీదుగా ఎన్నోసార్లు ప్రయాణించాను. అయితే ఆ ఊరు చూడటం కోసమే బయలుదేరింది మాత్రం ఈ చలికాలంలోనే. మెట్రో వయొలెట్ లైనులో బదర్‌పూర్ దాటగానే హర్యానా మొదలవుతుంది. బాటా చౌక్, ఎస్కార్ట్స్ ముజేసర్ అంటూ స్టేషన్లు సైతం కంపెనీల పేర్లు పెట్టుకున్న ఊరది. లైను చివరి స్టేషనుకు మాత్రం 1857 తిరుగుబాటులో పాల్గొన్నందుకు 1858 జనవరి 9న చాందినీ చౌక్‌లో ఉరికంబమెక్కిన బల్లభ్‌గఢ్ రాజు నాహర్ సింగ్ పేరు పెట్టారు.

జహంగీర్ కొలువులో కోశాధికారిగా ఉన్న షేక్ ఫరీద్, రాజమార్గానికి కాపుగా ఉంటుందని 1607లో ఈ పట్టణాన్ని నెలకొల్పాడని చరిత్ర చెబుతుంది. ఆ పాత ఊరు ఇప్పుడు ఇరుకు బజారుగా మిగిలింది. నన్ను కట్టిపడేసింది మాత్రం రైలుపట్టాలకు అవతల ఉన్న ఎన్.ఐ.టి., అంటే న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్. దేశవిభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్ వంటి చోట్ల నుంచి కట్టుబట్టలతో వచ్చిన వేలాది కాందిశీకుల కోసం 1949లో మొదలైన పట్టణమిది. దీని నిర్మాణానికి ఏర్పడిన బోర్డుకు రాజేంద్రప్రసాద్ అధ్యక్షుడు. నెహ్రూ స్వయంగా శ్రద్ధ పెట్టాడు. కమలాదేవి చట్టోపాధ్యాయ నడిపిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ శరణార్థులను సహకార సంఘాలుగా కూడగట్టింది. ఇళ్లు కట్టించే పని కాంట్రాక్టర్లకు అప్పగించకుండా, కూలి ఇచ్చి తమచేతనే కట్టించాలని ఆ శరణార్థులు పట్టుబట్టి సాధించుకోవడం నాకు ఈ ఊరి చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టంగా తోస్తుంది.

ఇక్కడివాళ్లు పేటలను ఒకటో నంబరు, రెండో నంబరు, ఐదో నంబరు అనే పిలుస్తారు. పాత ఇళ్లు చాలావరకు నాలుగంతస్తుల కట్టడాలైపోయాయి. ఒక సందులో మిగిలిన పెంకుటింటంత ఎత్తు డాబా ముందు ఆగి చూశాను. సున్నం రాలిన చోట ఇటుక వరుసలు కొద్దిగా వంకరపోయి, సందుల్లో సిమెంటు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన నన్ను పలకరించి, బన్నూలో బట్టల వ్యాపారం చేసిన తన తండ్రి తాపీ పట్టింది ఈ ఊరొచ్చాకేనని, ఈ గోడ ఆయన పేర్చిందేనని చెప్పారు. ఇంట్లో ముసలివాళ్లు ఇంకా బన్నూ యాసలోనే మాట్లాడుకుంటారట; మనవలకు అర్థమవుతుంది గానీ నోరు తిరగదట.

2011 జనాభా లెక్కల నాటికే 14 లక్షలు దాటిన ఈ నగరాన్ని చాలామంది పొగ, దుమ్ము, ట్రాఫిక్ పేరు చెప్పి తీసిపారేస్తారు. ఆ మూడూ నిజమే. కానీ సర్వం పోగొట్టుకున్నవాళ్లు దానం అడగకుండా పని అడిగి, తమ ఇళ్లు తామే కట్టుకున్న ఊరు రాజధాని పక్కనే ఉన్నప్పుడు, ఆ కథను మన పిల్లలకు పాఠంగా చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.