గాలి తవ్విన బంకర్లు: నెబ్రాస్కా ఇసుక కొండల్లో ఒక రోడ్డు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, నార్త్ ప్లాట్ ఊళ్ళో ఐ-80 హైవే వదిలి 97వ నంబరు రోడ్డెక్కితే మలెన్ అనే ఊరు దాదాపు 75 మైళ్ళు. అక్కడి నుంచి వాలెంటైన్ మరో అంత దూరం. నాలుగు రోజుల ప్రయాణంలో మిగతావన్నీ వదిలేసి ఈ ఒక్క రోడ్డు గురించే రాస్తున్నాను. గోల్ఫ్ కోర్సు కట్టడం గురించి తెలుసుననుకున్నదంతా తలకిందులైంది దీని పక్కనే.

కిటికీలోంచి చూస్తే గడ్డి కొండలు. దిగి బూటు మొనతో గీస్తే వేళ్ళ కిందే సన్నటి ఇసుక. సుమారు 19,000 చదరపు మైళ్ళు, అంటే తెలంగాణలో సగానికి కాస్త తక్కువ, మొత్తం ఇసుక దిబ్బలే. బాపట్ల, చీరాల తీరంలో ఇసుకను సరుగుడు తోపులు ఆపుతాయి. ఇక్కడ ఆ పని లిటిల్ బ్లూస్టెమ్, శాండ్‌రీడ్ లాంటి గడ్డిది. దాని వేళ్ళు తెగిన చోట గాలి ఇసుకను లేపుకుపోయి గుంట చేస్తుంది. దాన్ని బ్లోఅవుట్ అంటారు. మనకు ఆ మాట వినగానే పాశర్లపూడి మంట గుర్తొస్తుంది కానీ, ఇక్కడ నిప్పు లేదు, గ్యాసు లేదు. గాలి ఒక్కటే.

మలెన్‌కు దక్షిణాన ఉన్న శాండ్ హిల్స్ గోల్ఫ్ క్లబ్ ఆ గుంటల మీదే నిలబడింది. గోల్ఫ్‌లో బంతికి అడ్డుగా ఉండే ఇసుక గుంటలను బంకర్లంటారు, ఇక్కడ ఆ బంకర్లు ఈ బ్లోఅవుట్లే. క్లబ్ స్థాపకుడు డిక్ యంగ్‌స్కాప్ సుమారు 8,000 ఎకరాలు కొన్నాడు. డిజైనర్లు బిల్ కూర్, బెన్ క్రెన్‌షా నెలల తరబడి నడిచి 130కి పైగా హోల్స్ (బంతిని మొదట కొట్టే చోటు నుంచి చివరి గుంత దాకా ఉండే ఒక్కో ఆట దారి) గుర్తించి, వాటిలోంచి 18 ఏరుకున్నారు. 1995లో తెరిచారు. అంటే గీసింది తక్కువ, వెతికింది ఎక్కువ.

ఆ వెతకడంలోనే పనితనమంతా ఉంది. నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు మ్యాపు చేతిలో ఉన్నా ముందు చూడాల్సింది గ్రీన్‌కు, అంటే గుంత ఉండే నున్నటి గడ్డి మడికి, సరిపోయే చోటు: మూడు వైపులా కాస్త ఎత్తు, ఒక వైపు తెరుపు, నీరు నిలవని వాలు. అలాంటివి దొరికాక వెనక్కి నడుచుకుంటూ ఫెయిర్‌వే (మధ్యలో కత్తిరించిన గడ్డి దారి), ఆపైన టీ (బంతిని మొదట కొట్టే చోటు). శీతాకాలం గాలి వాయవ్యం నుంచి, వేసవిలో దక్షిణం నుంచి వీస్తుంది కాబట్టి వరసగా హోల్స్ ఒకే దిక్కుకు పోకూడదు. సాయంత్రం ముగించే హోల్ పడమటికి ఉంటే బంతి కనపడదు. గ్రీన్ నుంచి తర్వాతి టీకి నడక చిన్నదిగా ఉండాలి. ఎక్కువ ప్లాన్లు చెడేది ఈ ఆఖరి విషయం దగ్గరే. రెండు అద్భుతమైన హోల్స్ మధ్య అర మైలు దూరముంటే ఒకటి వదులుకోవాలి, అది ఎంత బాధైనా సరే.

రేగడి నేల మీద గ్రీన్ కట్టాలంటే అడుగున డ్రైనేజీ పైపులు, వాటి మీద 4 అంగుళాల గులక, ఆపైన 12 అంగుళాల ఇసుక పరవాలి. ఇక్కడ ఇవేవీ అక్కర్లేదు, నేలే జల్లెడ. అలాగని ఇసుకను ల్యాబుకు పంపకుండా విత్తనం వేయడం తప్పు. రేణువులన్నీ ఒకే సైజులో ఉన్న దిబ్బ ఇసుక గట్టిపడదు, గడ్డి కోసే మోవర్ చక్రం దిగబడుతుంది. ఎరువును కూడా పట్టి ఉంచదు. అందుకే కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి.

విత్తనానికి అదను ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు. గ్రీన్స్‌కు బెంట్‌గ్రాస్ అనే సన్న గడ్డి విత్తనం వెయ్యి చదరపు అడుగులకు ఒక పౌండు చాలు. ఫెయిర్‌వేకి ఫెస్క్యూ గడ్డి విత్తనం నాలుగైదు పౌండ్లు పడుతుంది. మొలిచేదాకా రోజుకు ఆరేడుసార్లు, కొద్ది నిమిషాల చొప్పున తడపాలి. ఒక్క ఎండ మధ్యాహ్నం తడి తప్పితే ఇసుక ఆరి, గాలికి లేచి, విత్తనంతో సహా పక్క కొండకు పోతుంది. అందుకే పైన ఎండుగడ్డి పరిచి ఇసుకలోకి నొక్కుతారు, లేదా జిగురు కలిపిన కాగితపు గుజ్జు చల్లుతారు. ఆలస్యంగా వేసిన లేత మొలకలు మంచు లేని శీతాకాలంలో ఎండిపోతాయి.

యంత్రాలకు ఒకటే దారి పెట్టాలి, అదీ రేపటి ఫెయిర్‌వే మీదుగానే. పక్కన డోజర్ ఒక్కసారి గొలుసు తిప్పితే వేళ్ళు తెగి, ఎవరూ కోరని చోట కొత్త బ్లోఅవుట్ పుడుతుంది. స్ప్రింక్లర్ నీరు రఫ్‌లోకి, అంటే ఫెయిర్‌వే పక్కన కోయకుండా వదిలిన గడ్డిలోకి, చిమ్మకూడదు. అంచుల్లో సగం చుట్టు తిరిగేవే బిగించాలి. నీరు తాగిన చోట కెంటకీ బ్లూగ్రాస్ లాంటి బయటి గడ్డి దూరి పాత ప్రెయిరీని, అంటే సహజమైన గడ్డి మైదానాన్ని, తినేస్తుంది. చలి ముదరక ముందే, నీరు గడ్డకట్టి పైపులు పగలకుండా, వాటిలోని నీటిని కంప్రెసర్‌తో ఊదేయాలి. ప్రెషర్ పెంచితే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు. ప్రెషర్ 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గరే ఉంచి ఎక్కువ గాలి పంపాలి. గాలి వేడెక్కితే స్ప్రింక్లర్ గేర్లు కరిగిపోతాయి.

కోపం తెప్పించింది ఒక్కటే. ఇంత అందమైన నేల సభ్యులకూ వాళ్ళ అతిథులకే. బయటివాళ్ళకు వాలెంటైన్ దగ్గర ప్రెయిరీ క్లబ్ ఉంది, రిసార్టు ధరలకు సిద్ధపడాలి. జేబు చూసుకునేవాళ్ళు గోథెన్‌బర్గ్‌లోని వైల్డ్ హార్స్‌కు వెళ్ళండి. శాండ్ హిల్స్‌లో పనిచేసిన డేవ్ ఆక్స్‌లాండ్, డాన్ ప్రాక్టర్ 1999లో కట్టినది, అదే రకం గడ్డి, అదే గాలి. ఇంకో మాట: మలెన్ మౌంటెన్ టైములో ఉంటుంది, నార్త్ ప్లాట్, వాలెంటైన్ సెంట్రల్‌లో. టీ టైము, అంటే ఆట మొదలుపెట్టే సమయం, బుక్ చేసుకునేవాళ్ళు గంట తేడా లెక్కేసుకోవాలి. పెట్రోలు మలెన్‌లోనే నింపుకోండి.

మలెన్ దాటాక రోడ్డు వంపులో పశువుల కంచె అవతల ఒక బ్లోఅవుట్ కనిపించింది. నిండా పాత టైర్లు, ఎండిన సెడార్ చెట్లు, కుళ్ళిన గడ్డిమోపులు. పశువుల రైతుకు ఆ గుంట అంటే పోయిన మేత, అందుకే పూడ్చుకుంటున్నాడు. అరగంట వెనక, గోల్ఫ్ క్లబ్‌లో, అదే ఆకారంలో ఉన్న గుంట అంచు చెదరకుండా కాపాడటానికి జీతమిచ్చి మనుషులను పెట్టుకున్నారు. కారు పక్కకు ఆపి ఆ టైర్ల వైపు చాలాసేపు చూశాను. వాటి సందుల్లో అప్పటికే శాండ్‌రీడ్ పిలకలు లేచాయి.